బందరు నోబుల్ దొరగారు

మా గ్రామ సంఘస్థుడొకడు విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టు షెడ్డులో పనిచేయుచున్నాడు. కుమారుని బందరు నోబుల్ కళాశాలలో చేర్చవలెనని తలంచి, నోబుల్ అనునది ఊరి పేరా, మనిషి పేరా అని మమ్మును అడిగెను. మాకు సిగ్గు కలిగినది. ఆ కథ తెలిసియుండియు మేము సంఘములో ఎన్నడును చెప్పలేదు. చెప్పకపోవుటకు ఒక కారణము కలదు. దానిని కూడ దాచక వ్రాయుచున్నాము.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు 1809లో ఇంగ్లండు దేశమున ఒక పాదిరిగారి ఇంట జన్మించి కేంబ్రిడ్జిలో చదివిరి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ వారు ఆయనను, హెన్రీ ఫాక్సు గారిని తెలుగు సీమకు పంపిరి. ఫాక్సుగారు గ్రామములు తిరిగి ప్రకటించి, ఆరోగ్యము చెడి 1848లోనే మరణించిరి. నోబుల్ గారు బడి మార్గము పట్టిరి. తెలుగు నేర్చుకొని, 1843 నవంబరులో బందరులో ఇద్దరే పిల్లలతో బడి తెరచిరి.

తొమ్మిదేండ్లు చెప్పిన పిమ్మట, 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు వెలమలు. పట్టణమంతయు అల్లకల్లోలమాయెను. తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించిరి. అంతకాలము కట్టినది ఒక్క వారములో ఖాళీ బల్లలై మిగిలెను. మన బడికి అట్టి గతి పట్టినయెడల మనము ఏమి చేసియుందుము? నోబుల్ గారు ఆ యువకులను విడువలేదు, బడిని మూసి ఓడ ఎక్కలేదు. పిల్లలు కొద్దికొద్దిగా మరల వచ్చిరి. రత్నము, భూషణము గార్లు తరువాత సంఘ సేవకులుగా ప్రతిష్ఠింపబడిరి.

ఇప్పుడు ఆ కారణము. నోబుల్ గారి బడి పై కులముల వారి కొరకు పెట్టబడినది. మన తాతల తాతలకు ఆ బల్లల మీద చోటు లేదు. పై వారు మారినయెడల క్రింది వారు తామే వత్తురనియు, మాలపల్లె పిల్లవాడొకడు కూర్చున్నయెడల తక్కినవారు లేచిపోవుదురనియు ఆయన తలంపు. రెండవ మాట నిజమే కావచ్చును. మొదటిది తప్పని మా అభిప్రాయము. ఆయన బ్రదికియుండగనే, 1859లో, రాఘవాపురపు మాలపల్లె పెద్ద పగోలు వెంకయ్యగారు బెజవాడలో డార్లింగు దొరగారిని కలిసికొని, సత్యమును వెదకి కనుగొని, తనవారితో కూడ బాప్తిస్మము పొందిరి. వారికి ముందు ఏ బడియు నడువలేదు. యోహాను సువార్త మూడవ అధ్యాయములో రాత్రివేళ వచ్చిన నీకొదేమును, నాలుగవ అధ్యాయములో మధ్యాహ్నపు బావియొద్ద సమరయ స్త్రీని చదువుకొనుడి. ప్రభువు ఒకరి కొరకు మరియొకరిని ఆపియుంచలేదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో సముద్రము బందరు మీదికి వచ్చెను. పట్టణమునను చుట్టు గ్రామములలోను సుమారు 30,000 మంది చనిపోయిరి. మిషను బాలికల బడిలోని పిల్లలు అనేకులు కొట్టుకొనిపోయిరి. నోబుల్ గారు బ్రదికిరి గాని, మరుసటి యేడు 1865 అక్టోబరులో బందరులోనే కన్నుమూసిరి. ఇరువది నాలుగేండ్లలో ఒక్క మారైనను స్వదేశము చూడలేదు, వివాహము చేసికొనలేదు.

బడి కళాశాలయై ఆయన పేరు ధరించెను. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి వంటి సంస్కర్త అక్కడ పాఠములు చెప్పిరి. నేడు అన్ని కులముల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుండుచున్నారు.

ఇదంతయు మా సంఘస్థునికి చెప్పితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత దరఖాస్తు మీద పాదిరిగారి సంతకము కావలెనట అని కాగితము చాపెను. చేసి ఇచ్చితిమి.