జార్జి ముల్లరు: బడిలో త్రాగుడు నేర్చిన బాలుడు



బ్రిస్టలు పట్టణములో పదివేలమంది అనాథ బిడ్డలను పోషించిన జార్జి ముల్లరు గారిని మన సంఘములలో ఎరుగనివారు అరుదు. ఆయన మనుష్యులను అడుగక దేవునినే అడిగెనని సండేస్కూలు పిల్లలును చెప్పుదురు. అయితే ఆయన బడిపిల్లవాడుగా నున్న దినములను గూర్చి చెప్పువారు తక్కువ. బిడ్డలను పట్టణపు హాస్టళ్లలో చేర్చిన తలిదండ్రుల నిమిత్తము ఈ నెల మేము దానినే వ్రాయుచున్నాము.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశమందు పుట్టెను. తండ్రి సుంకరి. పిల్లలు డబ్బు దాచుట నేర్చుకొందురని తండ్రి వారి వయస్సునకు మించిన సొమ్ము చేతికిచ్చుచుండెను. కుమారుడు నేర్చినది దొంగలెక్క. పదియేండ్లు నిండకమునుపే తండ్రియొద్దనున్న సర్కారు సొమ్ము కాజేయసాగెను. ఒకనాడు తండ్రి లెక్కపెట్టి ఉంచిన డబ్బు పిల్లవాని జోడులో, పాదము క్రింద దొరికెను. నేడు మనము ఫోనులోనే బిడ్డలకు డబ్బు పంపుచున్నాము. అది కల్లునకో గంజాయికో పోవుచున్నదేమో అని లెక్క అడుగువారు ఎందరు?

వానిని పాదిరిగా చేయవలెనని తండ్రి కోరిక. అది భక్తిచేత కాదు. పాదిరికి మంచి జీవనము దొరకును, ముసలితనమున తానును అక్కడ సుఖముగా నుండవచ్చునని. అందుకొరకే హాల్బర్‌స్టాట్ పట్టణపు పెద్ద బడికి పంపెను. అక్కడ బాలునికి నవలలు, పేకాట, త్రాగుడు అలవడెను. 1820లో, పదునాలుగేండ్ల వయస్సున, ఇంటియొద్ద తల్లి మరణించుచున్న రాత్రి అతడు రెండుగంటలవరకు పేకాడుచుండెను. ఆమె రోగము సంగతి అతనికి తెలియదు. మరునాడు ఆదివారము. స్నేహితులతో త్రాగుడు కొట్టుకు పోయి, సగము మైకములో వీధులు తిరిగెను. ఆ మరునాడు ప్రభువు బల్లకు సిద్ధపరచు బోధ విని బసకు తిరిగివచ్చునప్పటికి, తల్లి భూస్థాపనకు తీసికొనిపోవుటకై తండ్రి వచ్చి కూర్చుండియుండెను.

అప్పుడైనను మారలేదు. ఆ బోధచేసిన పాదిరిగారికిమ్మని తండ్రి ఇచ్చిన సొమ్ములో పండ్రెండవ వంతే ఇచ్చి తక్కినది దిగమింగెను. పదునారేండ్లప్పుడు పూటకూటి ఇంటిలో అప్పుపడి 1821 డిసెంబరు 18 మొదలు జనవరి 12 వరకు చెరసాలలో ఉండెను. తండ్రి అప్పు తీర్చి, మిక్కిలి కొట్టెను. తరువాత నార్డ్‌హౌసెన్ బడిలో వేకువ నాలుగు గంటలకే లేచి చదువుచుండగా, ప్రధానోపాధ్యాయుడు ఇతర బాలురకు అతనిని మాదిరిగా చూపుచుండెను! అచ్చటనే తన పెట్టె తాళము తానే విరుగగొట్టి, దొంగలు పడిరని కేకలువేసి, స్నేహితులచేత చందా వేయించుకొనెను. సొంత పుస్తకములు మూడువందలు, బైబిలు లేదు. మంచి మార్కులు చూచి తృప్తిపడు తలిదండ్రులు ఈ సంగతి రెండుమారులు చదువవలెనని మా మనవి.

బెత్తము, జైలు, జబ్బు, సంస్కారము ఏదియు అతనిని మార్చలేదు. 1825 నవంబరులో, హాలె విశ్వవిద్యాలయములో పాదిరి చదువు చదువుచు త్రాగుచుండగా, బేటా అను స్నేహితుడు ఒక శనివారము సాయంకాలము వాగ్నరు అను విశ్వాసి యింటి కూటమునకు తీసికొనిపోయెను. అక్కడ ఒకడు మోకరించి ప్రార్థించెను. మోకరించిన మనిషిని అతడు అంతకుమునుపు చూడనేలేదు. ఆ రాత్రి ఇంటికి సంతోషముతో వచ్చెను. త్రాగుడు కొట్టునకు పోవుట ఆగిపోయెను. అబద్ధములు మాత్రము మరికొన్నిమారులు నోటవచ్చెను. ఆయనే దాచక వ్రాసికొనెను.

1829లో ఇంగ్లండు చేరెను. 1830లో పెండ్లాడిన మేరీ గారి అన్న ఆంటొనీ నోరిస్ గ్రోవ్సు. ఈయనతోనే 1836లో బౌడెన్, బీర్ దొరలు ఓడయెక్కి వచ్చి మన గోదావరి ప్రాంతములో సువార్త పని ఆరంభించిరి. అదే సంవత్సరము ముల్లరు గారు బ్రిస్టలులో అనాథ గృహము తెరచెను. 1898 మార్చి 10న మరణించువరకు ఆ పని విడువలేదు.

ఆ గృహములోని మగపిల్లలు పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున పని నేర్చుకొనుటకు బయటికి పోవుచుండిరి. తాను మైకములో వీధులు తిరిగిన ప్రాయమదే. వారిని ఆయన విశ్వాసులైన యజమానుల యిండ్లకే పంపుచుండెను.