డాక్టర్ సూరి భగవంతం గారు

నేను మన చేర్యాల హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. కిందటేడు క్లాసు సెమినార్‌లో ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేక తల దించుకున్నాను. అద్దం గుండా పోయిన కాంతి అదే దారిలో వెనక్కి వస్తుంది కదా, అయస్కాంతం పెడితే ఎందుకు రాదు అనేదే ఆ ప్రశ్న. ఈ చదువు నాకు సరిపడదేమో, మానేద్దామా అనుకున్నాను. లైబ్రరీలో నాకు దారి చూపింది ఒక తెలుగు శాస్త్రవేత్త పుస్తకం.

సూరి భగవంతం గారు 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. మనం ట్రంకు పెట్టెలో బట్టల మధ్య వేసే డాంబర్ గోలీలు ఉంటాయి కదా, అవి నాఫ్తలీన్‌తో చేసినవే. ఆ నాఫ్తలీన్ స్ఫటికం మీద అయస్కాంత ప్రభావం అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. దాని మీద ఆయన రాసిన వ్యాసాన్ని 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. కాంతి కణానికి స్పిన్ ఉందని 1931లో రామన్ గారితో కలిసి ప్రయోగంతో చూపారు.

తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1952 నుండి 1957 వరకు మన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా, ఆ తరువాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఇన్ని పదవుల్లోనూ స్ఫటికాలను మాత్రం వదలలేదు. అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద 1964లో పి.వి. పంతులు గారితో కలిసి వ్యాసం రాశారు. 1966లో స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక ధర్మాల గురించి పుస్తకం వెలువరించారు. నేను చదివింది ఆ పుస్తకమే.

అందులో నాకు అర్థమైంది చెబుతాను. అయస్కాంతత్వం ఎలక్ట్రాన్ల స్పిన్, కదలికల వల్ల వస్తుంది. కాలాన్ని వెనక్కి తిప్పినట్టు ఊహిస్తే ఆ కదలిక తిరగబడుతుంది, అయస్కాంత ధ్రువాలూ తారుమారవుతాయి. అందుకే అయస్కాంతీకరించిన పదార్థంలో పోయే దారి, వచ్చే దారి ఒకటి కావు. 1845లో ఫారడే కనిపెట్టినట్టు, అందులో కాంతి కంపించే తలం తిరుగుతుంది. పోయేటప్పుడు 45 డిగ్రీలు తిరిగితే, వచ్చేటప్పుడు ఆ తిరుగుడు విడిపోదు, ఇంకో 45 డిగ్రీలు అటే తిరుగుతుంది. మొత్తం 90 అవుతుంది. అప్పుడు ముందున్న ధ్రువణ ఫలకం దాన్ని ఆపేస్తుంది. మా నాన్న బావి మోటారుకు బిగించే ఫుట్‌వాల్వు కూడా నీళ్లను పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. తేడా ఏమిటంటే ఇక్కడ కదిలే మూత లేదు. లేజర్లకు, రాడార్లకు ఇలాంటి పరికరాలే రక్షణ. పలుచని అయస్కాంత పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి వీటిని చిన్నవిగా చేయడం మీద నేడు పరిశోధన జరుగుతున్నది.

భగవంతం గారు 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. ఆయన పుస్తకం చదివాక మళ్లీ అదే సెమినార్ అడిగి మరీ ఇచ్చాను. ఈసారి తల దించుకోలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అర్థం కాని పాఠం ఉంటే అది మన తప్పు కాదు. దాన్ని అడగకుండా వదిలేయడమే తప్పు.