నెలకొక చిన్న నాణెం

తిరుబాల సభ దినాన మీ పిల్లల చేతికి చందా డబ్బులిచ్చి గుడికి పంపుతారు గదా! ఆ చందా మొదలుపెట్టినవారు సొంత పీఠాన్ని పోగొట్టుకున్న ఒక మేత్రాణులు.

1785లో పారిస్‌లో పుట్టిన షార్ల్ ద ఫోర్బిన్-జాన్సన్ గారు 1824లో నాన్సీ పీఠాధిపతులయ్యారు. 1830 విప్లవం ఆయనను అక్కడినుండి వెళ్ళగొట్టింది. బ్రతికినంతకాలం మళ్ళీ రానివ్వలేదు. చైనాకు వేదబోధకునిగా వెళ్ళాలని యౌవనం నుండి ఉన్న కోరికా తీరలేదు. అక్కడ పసికందులను వదిలివేస్తున్నారని, వారు ఆకలితో, జబ్బులతో చనిపోతున్నారని గురువుల ఉత్తరాలు మాత్రం ఫ్రాన్సుకు వస్తూండేవి.

ఏం చేయాలి? లియోన్ నగరంలో పౌలీన్ జారికో అనే భక్తురాలిని సంప్రదించారు. వారానికొక నాణెం చొప్పున వేదవ్యాప్తికి చందా కూడబెట్టించిన అనుభవం ఆమెది. 1843లో ఆయన ధనవంతుల గుమ్మాలు తొక్కలేదు, పిల్లలనే అడిగారు: రోజుకొక మంగళవార్త జపం, నెలకొక చిన్న నాణెం. నన్నడిగితే, అన్నీ పోయినవారికే ఇటువంటి ఆలోచన తడుతుంది. మన సికింద్రాబాదులో సెయింట్ మేరీస్ దేవాలయం కడుతున్న రోజులవి.

1844 జూలై 11న ఆయన మరణించారు. సభకు అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. 1922లో పదకొండవ భక్తినాథ పోపుగారు దానిని పోపుగారి సభలలో చేర్చారు. పిల్లలిచ్చే చందా నేటికీ పరదేశాల పిల్లల చదువుకూ, మందులకూ, భోజనానికీ చేరుతున్నది.