వేణు బాపు

సికింద్రాబాదునకు చేరువనున్న బేగంపేటలో పూర్వము నిజామియా వేధశాల యుండెను. నక్షత్రములను పరిశీలించు ఆ సంస్థను 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పెను. పలు దేశములు కలిసి ఆకాశమునకు పటము గీయ బూనినప్పుడు, అదియు అందొక భాగము వహించి పేరొందెను. అందు పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుని కుమారుడే వేణు బాపు.

ఆయన 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించి, హైదరాబాదులో పెరిగెను. నిజాం కళాశాలలో చదివెను. కాంతి హెచ్చుచు తగ్గుచు నుండు నక్షత్రములను గూర్చి విద్యార్థి దశయందే వ్యాసములు ప్రకటించెను.

పై చదువులకై ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. 1949 జూలై 2వ తేదీన ఆకాశపు ఛాయాపటము నొకదానిని పరీక్షించుచుండగా, అందొక క్రొత్త తోకచుక్క ఆయన కంటబడెను. ఆచార్యుడు బోక్, సహాధ్యాయి న్యూకర్క్ దానిని నిర్ధారించిరి. ముగ్గురి పేర్లతో అది బాపు-బోక్-న్యూకర్క్ తోకచుక్కయని ప్రసిద్ధి కెక్కెను. నక్షత్రము యొక్క వర్ణపటములోని కాల్షియము గీత వెడల్పును బట్టి, ఆ నక్షత్రపు నిజమైన కాంతిని లెక్కించు మార్గమును 1957లో విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి లోకమునకు తెలిపెను.

పరదేశమున సుఖముగా నుండదగిన ఆ విద్వాంసుడు స్వదేశమునకు తిరిగివచ్చెను. అప్పటికి మన దేశమున తగిన దుర్భిణులు లేవు. ఆయన అధైర్యపడలేదు. నైనీతాల్ వేధశాలకు పునాది వేసి, 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యతను స్వీకరించెను. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను పల్లెను ఎంచుకొని, అచ్చట క్రొత్త వేధశాలను స్థాపించెను. 1972లో జర్మనీలో తయారైన దుర్భిణి అచ్చటికి వచ్చెను. కాని కొనిన పరికరము పని చేసిపెట్టునేగాని పని నేర్పదు. అందుచేత 93 అంగుళముల వెడల్పుగల దర్పణముతో పెద్ద దుర్భిణిని మనవారే నిర్మింపవలెనని ఆయన సంకల్పించెను. ఆ దర్పణమును బెంగుళూరులో మన పనివారే సానబట్టిరి. ఆ పని ఏండ్ల తరబడి సాగెను.

1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఆ పదవిలో నుండగనే 1982 ఆగస్టు 19వ తేదీన మ్యూనిక్ నగరమున, హృదయ శస్త్రచికిత్స పిమ్మట కన్నుమూసెను. ఆయన కలలుగన్న దుర్భిణి 1986లో గాని ప్రారంభము కాలేదు. దానిలోనుండి ఆకాశమును చూచు భాగ్యము ఆయనకు లభింపలేదు. దేశము దానికి ఆయన పేరే పెట్టి కృతజ్ఞత చూపెను.

2023లో చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన దినమున దేశమంతయు పండుగ చేసికొనెను. బాలలారా! అట్టి విజయములకు ముందు, ఫలము తాము అనుభవింపకపోయినను చెట్టు నాటిన మహనీయు లుందురు. వారిలో వేణు బాపు ఒకడు.