పారేసిన ఫోటోలు ఏరిన జాన్ కోబాల్

సినిమా తారల పేర్లు చెప్పమంటే మన హాస్టల్లో ఎవరైనా ఊపిరి తిప్పుకోకుండా ఇరవై చెబుతారు. ఆ తారల ఫోటోలు తీసినవారి పేరు ఒక్కటి చెప్పమంటే తడుముకుంటారు. హాలీవుడ్ విషయంలో ఈ లోటు తీర్చడానికి తన జీవితం ధారపోసినవాడు జాన్ కోబాల్.

ఆయన 1940లో ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో పుట్టారు. యుద్ధం తర్వాత వారి కుటుంబం కెనడాకు వలస వెళ్లింది. సినిమా పిచ్చి అక్కడ ముదిరింది. కుర్రవాడిగా ఉన్నప్పుడే టొరంటోకు వచ్చిన మార్లీన్ డీట్రిచ్‌ను కలుసుకున్నారు. నటుడు కావాలని లండన్ చేరారు గానీ ఆ రంగంలో పెద్దగా రాణించలేదు. 1964 నుండి న్యూయార్క్‌లో బి.బి.సి. కోసం పనిచేస్తూ పాత తారలను కలిసి ఇంటర్వ్యూలు చేయసాగారు. ఆయన అసలు పని అక్కడ మొదలైంది.

మిత్రులారా, ఒకప్పుడు మన టాకీసుల ముందు అద్దాల పెట్టెల్లో సినిమా ఫోటోలు పెట్టేవారు కదా. హాలీవుడ్‌లో 1920ల నుండి 1950ల వరకు ఇది పెద్ద పరిశ్రమ. షూటింగులో స్టిల్స్ తీసేవారు వేరు, తారను ప్రత్యేక గదిలో కూర్చోబెట్టి దీపాలు అమర్చి తీసేవారు వేరు. పది అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు గల నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముఖంలోని ముడతలు, మచ్చలు దిద్దేవారు. ఆ ప్రింట్లు పత్రికలకూ అభిమానులకూ వెళ్లేవి. సినిమా ఆడటం అయిపోతే ఫోటో పని కూడా అయిపోయినట్టే.

టెలివిజన్ వచ్చి స్టూడియోలు చితికిపోయాక ఆ ఫోటోలు చెత్తతో సమానమయ్యాయి. 1970లో ఎం.జి.ఎం. స్టూడియో తన సామాన్లు వేలం వేసినప్పుడు ఒక సినిమాలో వాడిన ఎర్ర బూట్ల జత 15,000 డాలర్లు పలికింది. ఫోటోలకు ఆ గౌరవం అప్పటికి లేదు. వద్దనుకున్నవాటిని కోబాల్ కూడబెట్టారు.

కూడబెట్టడం ఎవరైనా చేస్తారు. ఆయన ఫోటోను తిప్పి వెనుక చూశారు, అదీ గొప్ప. కొన్నింటి మీద తీసినవారి ముద్ర ఉండేది, కొన్నింటి మీద అదీ లేదు. బతికున్నవారి కోసం వెతుక్కుంటూ వెళ్లారు. అలా కలిసినవారిలో జార్జ్ హరెల్ ఒకరు. 1929లో నటి నార్మా షియరర్ ఒక సాహసమైన పాత్ర కోరుకుంటే, ఎం.జి.ఎం.లో నిర్మాణ బాధ్యతలు చూసే ఆమె భర్తే ఆమె దానికి తగదనుకున్నాడు. ఆమె రహస్యంగా హరెల్ దగ్గర ఫోటోలు తీయించుకుని భర్తకు చూపించింది. పాత్ర దక్కింది, ఆ సినిమాకే ఆస్కార్ కూడా వచ్చింది. అంతటి పని చేసిన మనిషిని తర్వాత లోకం మరిచింది.

రూత్ హారియెట్ లూయిస్‌ను మాత్రం ఆయన కలుసుకోలేకపోయారు. 1925లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఎం.జి.ఎం.లో తారల చిత్రాల విభాగం ఆమె చేతికి వచ్చింది. మన పి.జి. అమ్మాయిల వయసే! కోబాల్ పుట్టిన 1940లోనే ఆమె ప్రసవ సమయంలో కన్నుమూశారు.

మా ఇంట్లో తాతయ్య ఫోటో ఒక్కటీ లేదు. కూలి పనికి పోయేవాడికి ఫోటో ఎవరు తీస్తారు? అందుకేనేమో, కాగితం ముక్క పోతే మనిషే పోతాడన్న ఈయన తపన నాకు అర్థమైంది.

1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన ఈ ఫోటోల ప్రదర్శన పెట్టించారు. 1980లో హాలీవుడ్ చిత్రపట ఛాయాగ్రాహకుల మీద పెద్ద పుస్తకం వెలువరించారు. అందులో తారల కంటే ముందు తీసినవారి పేర్లు ఉంటాయి. రీటా హేవర్త్ జీవిత చరిత్రతో సహా ఆయన ఇంకా ఎన్నో పుస్తకాలు రాశారు గానీ, నా దృష్టిలో ఆ ఒక్కటి చాలు.

1991 అక్టోబరులో, యాభై ఒక్క ఏళ్లకే, లండన్‌లో ఎయిడ్స్ సంబంధిత అనారోగ్యంతో మరణించారు. తాను దాచిన నెగెటివ్‌లు, ప్రింట్లు తన పేరిట ఏర్పడిన ఫౌండేషన్‌కు ఇచ్చి వెళ్లారు. హరెల్ మరుసటి ఏడాది పోయారు. అప్పటికి ఆయన తీసిన పాత ప్రింట్లను మ్యూజియంలు, వేలం శాలలు పోటీపడి కొంటున్నాయి.