అర పాయింట్ ఆవిడ

ముందే చెప్పేస్తున్నా. పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకు ఇదే మొదటిసారి. తప్పులు కనిపిస్తే సర్దుకోండి.

ఈ కథ నాకు పుస్తకంలో దొరకలేదు, డేటాబేస్ ల్యాబ్‌లో దొరికింది. పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఎవరికి నచ్చిన టాపిక్ వాళ్లు తీసుకోమన్నారు. నేను ఫార్ములా వన్ తీసుకున్నా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగినప్పుడు నాన్న తీసుకెళ్లారు. అప్పట్నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. 1950 నుంచి డ్రైవర్లందరి పాయింట్లూ టేబుల్‌లోకి ఎక్కించా. పాయింట్లంటే పూర్తి సంఖ్యలే కదా అని ఆ కాలమ్‌కి ఇంటిజర్ అని పెట్టేశా. తర్వాత మహిళా డ్రైవర్ల పేర్లు విడిగా తీస్తే అయిదే వచ్చాయి. అయిదుగురికీ సున్నా. వైవాలో మేడమ్ ఒక్కరికి కూడా పాయింట్ రాలేదా అని అడిగితే, రాలేదు మేడమ్ అని ధైర్యంగా చెప్పేశా.

హాస్టల్‌కి వచ్చాక ఎందుకో డౌట్ వచ్చి అసలు ఫైల్ తెరిచి చూశా. ఒక పేరు పక్కన 0.5 అని ఉంది. నా కోడ్ దాన్ని సున్నా చేసి పారేసింది.

ఆ పేరు లెల్లా లొంబార్డి. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పాయింట్ల పట్టికకి ఎక్కిన ఒకే ఒక్క మహిళ. ఆవిడ తర్వాత ఇంతవరకూ ఇంకెవరూ ఎక్కలేదు. నేను తుడిచేసింది ఎవరిదో ఆ రాత్రి చదువుతూ కూర్చున్నా. అదే ఇక్కడ రాస్తున్నా.

ఆవిడ అసలు పేరు మరియా గ్రాజియా లొంబార్డి. 1941 మార్చి 26న ఉత్తర ఇటలీలో, అలెస్సాండ్రియా దగ్గర ఫ్రుగరోలో అనే ఊళ్లో పుట్టారు. నాన్నకి మాంసం దుకాణం. ఇంట్లో రేసింగ్ తెలిసినవాళ్లు లేరు, డబ్బూ అంతంతమాత్రమే. చిన్నప్పుడు హ్యాండ్‌బాల్ ఆడుతుంటే ముక్కు విరిగిందట. ఆసుపత్రికి తీసుకెళ్తున్న బండి స్పీడు చూసి, నొప్పి మర్చిపోయి డ్రైవింగ్ మీద మనసు పడిందని ఒక కథ చెబుతారు. అది నిజమో కాదో గానీ, దుకాణం డెలివరీ వ్యాన్ నడిపింది మాత్రం నిజం. సరుకు వేసుకుని ఊళ్లు తిరగడమే ఆవిడ మొదటి ట్రైనింగ్.

ఆ రోజుల్లో చిన్న ఊరి అమ్మాయి రేసులకి వెళ్తానంటే ఇటలీలో కూడా మనవాళ్లలాగే మాట్లాడుకునేవాళ్లు. ఆవిడ వాదించుకోలేదు, నడుపుకుంటూ పోయారు. సింగిల్ సీటర్లలో అన్నిటికంటే కింది మెట్టు అయిన చిన్న ఫార్ములాలతో మొదలుపెట్టి, 1970లో ఇటలీ ఫార్ములా 850 ఛాంపియన్ అయ్యారు. తర్వాత ఫార్ములా త్రీ. 1974లో బ్రిటన్ వెళ్లి ఫార్ములా 5000 నడిపారు. పెద్ద వీ8 ఇంజన్లు, బరువైన స్టీరింగ్, పవర్ అసిస్ట్ ఏమీ లేదు. పొట్టి మనిషి, ఆ బండిని చేతులతోనే తిప్పాలి. ఆడవాళ్లకి అంత బలం ఉండదనే మాటకి ఆవిడ అక్కడ ప్రతి వారం జవాబు చెప్పారు.

అదే ఏడాది బ్రాండ్స్ హ్యాచ్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీకి పాత బ్రాబమ్ కారుతో మొదటిసారి పేరు ఇచ్చారు. స్పాన్సర్ రేడియో లక్సెంబర్గ్. ఆ స్టేషన్ వచ్చేది 208 మీటర్ల మీద కాబట్టి కారు నంబర్ కూడా 208. కానీ టైము సరిపోలేదు, క్వాలిఫై కాలేదు.

1975లో విత్తోరియో జానోన్ అనే ఇటలీ కౌంట్ అండగా నిలబడ్డారు, లవాజా కాఫీ కంపెనీ డబ్బు పెట్టింది. ఆవిడకి మార్చ్ టీమ్‌లో సీటు దొరికింది. 1975 మార్చి 1న దక్షిణాఫ్రికాలోని క్యాలామి ట్రాక్ మీద ఆవిడ గ్రిడ్ మీదికి వచ్చారు. అంతకుముందు ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేస్‌లో ఒక మహిళ నడిపింది 1958లో, ఆవిడ కూడా ఇటలీ మనిషే, మరియా తెరేసా దె ఫిలిప్పిస్. మధ్యలో 17 ఏళ్ల ఖాళీ. ఆ రోజు లొంబార్డి కారు ఇంధనం సమస్యతో మధ్యలోనే ఆగిపోయింది.

ఇక ఆ అర పాయింట్. 1975 ఏప్రిల్ 27, స్పెయిన్, బార్సిలోనాలోని మోంజుయిక్ కొండ. పార్కు రోడ్లనే ట్రాక్‌గా మార్చిన చోటు. డ్రైవర్లు వచ్చి చూస్తే పక్కన కట్టిన ఇనుప రెయిలింగులకి బోల్టులు సరిగ్గా బిగించలేదు. నడపం అని కూర్చున్నారు. టీముల మనుషులే రెంచీలు పట్టుకుని వెళ్లి బోల్టులు బిగించుకోవాల్సి వచ్చింది. అప్పటి ప్రపంచ ఛాంపియన్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి మాత్రం ఒప్పుకోలేదు, రేస్ వదిలేసి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒత్తిళ్ల మధ్య మొదలుపెట్టారు.

మొదటి మలుపు నుంచే గుద్దుకోవడాలు. ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. వెనక వరుసల్లోంచి బయలుదేరిన లొంబార్డి మాత్రం రోడ్డు మీదే ఉన్నారు. 26వ ల్యాప్‌లో, ముందు నడుస్తున్న రోల్ఫ్ ష్టొమ్మెలెన్ కారు వెనక రెక్క విరిగింది. కారు రెయిలింగ్ దాటి ఎగిరి అవతల ఉన్నవాళ్ల మీద పడింది. ప్రాణాలు పోయాయి. 75 ల్యాపుల రేస్‌ని 29 దగ్గర ఆపేశారు. సగం కూడా కాలేదు కాబట్టి సగం పాయింట్లే ఇచ్చారు. యోఖెన్ మాస్ గెలిచాడు. అప్పట్లో మొదటి ఆరుగురికే పాయింట్లు, ఆరో స్థానానికి ఒకటి. ఆరో స్థానంలో లొంబార్డి. ఒకటిలో సగం, అర.

చరిత్రలో ఆవిడ పేరు పక్కన ఉన్న ఏకైక అంకె ఇలాంటి రోజున వచ్చింది. పండగ చేసుకునే రోజు కాదు. ఆ ట్రాక్ మీద మళ్లీ ఫార్ములా వన్ జరగలేదు. చాలామంది అదృష్టం అంటారు, ముందున్నవాళ్లు పోయారు కాబట్టి వచ్చిందని. సరే, అదే లాజిక్ మిగతా అయిదుగురికీ వర్తించాలి కదా. వాళ్ల రికార్డుల దగ్గర ఎవరూ ఆ మాట రాయరు.

అదే ఏడాది ఆగస్టులో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్. ఒక్క ల్యాపే దాదాపు 23 కిలోమీటర్లు, కొండలూ అడవీ. ఫార్ములా వన్ ట్రాకుల్లో దానంత భయపెట్టేది ఇంకోటి లేదు. ఆవిడ ఏడో స్థానంలో వచ్చారు. ఇవాళ్టి లెక్కలో ఏడో స్థానానికి 6 పాయింట్లు. అప్పటి లెక్కలో సున్నా. నన్నడిగితే, ఆవిడ మంచి రోజు మోంజుయిక్ కాదు, ఇదీ. కానీ ఈ రోజు ఏ కాలమ్‌లోనూ లేదు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన సంగతి. ఆ సీజన్ అంతా ఆవిడ టీమ్‌కి ఒకటే చెబుతూ వచ్చారు, కారు మలుపుల్లో సరిగ్గా తిరగట్లేదు, ఏదో తేడా ఉంది అని. ఇంజనీర్లకి ఏమీ కనిపించలేదు. లోపం కారుది కాదు, డ్రైవర్‌ది అనుకున్నారు. 1976లో మొదటి రేస్ అయ్యాక ఆవిడ సీటు రోనీ పీటర్సన్‌కి వెళ్లింది. అప్పట్లో అందరికంటే వేగంగా నడిపేవాళ్లలో అతనొకడు. ఆ కారెక్కి అతను కూడా అదే కంప్లైంట్ చేశాడని, అప్పుడు విప్పి చూస్తే వెనక భాగాన్ని పట్టి ఉంచే లోహపు గోడలో పగులు కనిపించిందని చెబుతారు. అంటే ఆవిడ చెప్పింది నిజమే. నమ్మడానికి ఇంకో నోరు కావాల్సి వచ్చింది, అంతే.

ఇది చదివాక కాసేపు ల్యాప్‌టాప్ మూసేశా. ఎందుకంటే మేమూ అదే పని చేశాం. మొదటి సంవత్సరం ఫెస్ట్ కోసం మా బ్యాచ్ ఒక యాప్ చేసింది. టీమ్‌లో ఒక అమ్మాయి, రిజిస్ట్రేషన్ పేజీ మధ్యలో ఆగిపోతోంది అని మూడు సార్లు చెప్పింది. నీ ఫోన్ పాతది, నీ నెట్ స్లో అన్నాం. నేనూ అన్నా. ఫెస్ట్ రోజు పొద్దున అందరి ఫోన్లలోనూ ఆగిపోయింది. అప్పుడు సీనియర్ ఒకతను చూసి చెబితే రెండు నిమిషాల్లో ఒప్పుకున్నాం. ఆ అమ్మాయికి సారీ చెప్పాలని కూడా ఎవరికీ తట్టలేదు. తను తర్వాత మా టీమ్‌లోకి రాలేదు. పగులు కారులో ఉంటే వెతుకుతాం. వినే చెవిలో ఉంటే ఎవరు వెతకాలి?

లొంబార్డి మాత్రం ఆగలేదు. 1976లోనే ఇంకో టీమ్ బ్రాబమ్ కారుతో ప్రయత్నించి, ఆగస్టులో ఆస్ట్రియాలో 12వ స్థానంలో ముగించారు. అదే ఆవిడ ఆఖరి ఫార్ములా వన్ రేస్. లెక్క చూస్తే 17 సార్లు పేరు ఇచ్చారు, 12 రేసులు నడిపారు, అర పాయింట్. ఎక్కువ మంది రాసే కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ ఆవిడ గెలుపులు మొదలయ్యేది ఇక్కడి తర్వాతే.

స్పోర్ట్స్ కార్ల రేసులు వేరే రకం. ఆరు గంటలు, ఇరవై నాలుగు గంటలు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు మార్చుకుంటూ ఒకే కారు నడపాలి. ఒక్క ల్యాప్ మెరుపు సరిపోదు, కారుని చివరిదాకా బతికించాలి. 1975లోనే ఆవిడ లె మాన్‌లో మరీ క్లోద్ బోమాన్‌తో కలిసి ఆల్పీన్ రెనో నడిపారు. 1976లో క్రిస్టీన్ దాక్రెమాన్‌తో లాంచియా స్ట్రాటోస్‌లో 20వ స్థానం. 1977లో క్రిస్టీన్ బెకర్స్‌తో ఇనాల్టెరా కారులో 11వ స్థానం. అదే 1977 జూలైలో అమెరికా వెళ్లి డేటోనాలో నాస్కార్ కూడా నడిపారు. ఆ రేస్‌లో జానెట్ గుత్రీ, బెకర్స్, ఈవిడ, ముగ్గురు మహిళలు ఉన్నారు. 1980 లె మాన్‌లో ఆవిడ పార్ట్‌నర్ ఎవరో తెలుసా? మార్క్ థాచర్, అప్పటి బ్రిటన్ ప్రధాని కొడుకు!

అసలైన ఫలితాలు ఒసెల్లా అనే చిన్న ఇటలీ కంపెనీ కార్లతో వచ్చాయి. 1979లో సిసిలీలోని పెర్గూసాలో 6 గంటల రేస్, ఎన్రికో గ్రిమాల్డితో కలిసి గెలిచారు. అదే ఏడాది వల్లెలుంగా 6 గంటల రేస్, జార్జియో ఫ్రాంచియాతో గెలిచారు. 1981లో ముజెల్లో 6 గంటల రేస్, మళ్లీ ఫ్రాంచియాతో, మళ్లీ గెలుపే. ఇవి మహిళల విభాగంలో వచ్చినవి కాదు, మొత్తం రేస్‌లో మొదటి స్థానాలు. పగుళ్లు లేని కారు చేతికిస్తే ఏం జరిగేదో ఈ మూడు రేసులు చెబుతాయి.

ఆ తర్వాత టూరింగ్ కార్లు, ఆల్ఫా రోమియో నడిపారు. 1980ల చివర్లో సొంత టీమ్ పెట్టుకున్నారు. సొంత విషయాలు పెద్దగా బయట చెప్పుకునే మనిషి కాదు. ఒక స్నేహితురాలితోనే జీవితం పంచుకున్నారు. దాన్ని చాటలేదు, దాచడానికి నాటకాలూ ఆడలేదు.

1992 ఫిబ్రవరి చివర్లో క్యాలామిలో మళ్లీ గ్రాండ్ ప్రీ వచ్చింది. ఇటలీ మహిళ జొవన్నా అమాతి బ్రాబమ్ కారుతో క్వాలిఫై కావడానికి ప్రయత్నించారు, కాలేకపోయారు. రేస్ మార్చి 1న, అంటే లొంబార్డి అదే క్యాలామి గ్రిడ్ మీదికి వచ్చిన రోజుకి సరిగ్గా 17 ఏళ్లకి జరిగింది. రెండు రోజుల తర్వాత, మార్చి 3న, మిలాన్‌లో లొంబార్డి రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. యాభై ఒకటో పుట్టినరోజుకి ఇంకా మూడు వారాలు ఉంది. అమాతి ఇంకో రెండు రేసులకి ప్రయత్నించారు, ఆ తర్వాత సీటు పోయింది. ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ రేస్‌కి పేరు ఇచ్చిన ఆఖరి మహిళ ఆవిడే.

హుస్సేన్ సాగర్ పక్కన నేను చూసిన గ్రిడ్ మీద కూడా ఒక్క మహిళ లేదు. ఆ రోజు నాకది తేడాగా కూడా అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

నా ప్రాజెక్టులో ఆ కాలమ్ టైప్ మార్చేశా. మేడమ్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు చెప్పింది తప్పని కూడా చెప్పా. మార్కులు ముందే వేసేశారు, మారలేదు. పర్లేదు. ఫెస్ట్ యాప్ విషయం చెప్పానే, ఆ అమ్మాయి ఈ పత్రిక చదువుతుందని తెలుసు. అప్పుడు నువ్వు చెప్పింది కరెక్టే. సారీ, ఏడాదిన్నర ఆలస్యంగా.