బెంగుళూరు నాగరత్నమ్మ

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా ఒక స్త్రీ విగ్రహము కలదు. ఒకప్పుడు అచ్చట స్త్రీలు పాడరాదను కట్టుబాటుండెను. దానికి తలయొగ్గని నాగరత్నమ్మగారి విగ్రహమది.

ఈమె 1878 నవంబరు 3వ తేదీన మైసూరు చెంత నంజనగూడులో దేవదాసి కుటుంబమున జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మగారు బిడ్డకు విద్యయే ఆస్తియని తలచి సంస్కృతము, కన్నడము, తెలుగు, సంగీతము నేర్పించిరి. కన్నడసీమలో పుట్టి, తమిళదేశమున పేరొంది, జీవితమంతయు తెలుగు కృతులు పాడిన విదుషీమణి. ఇంట నొక భాష, వీధిలో నొక భాష పలుకు మన పిల్లలకిది వింతగా తోపదు.

18వ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని యను కవయిత్రి రాధికాసాంత్వనమను శృంగారప్రబంధమును రచించెను. అచ్చుప్రతిలో కొన్ని పద్యములు లోపించుట చూచి, నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్ళవారిచే సంపూర్ణముగా ప్రకటింపించిరి. అట్టి పద్యములు స్త్రీ నోట రాదగినవి కావని కందుకూరి వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రమున నిందించియుండిరి. స్త్రీవిద్యకై అంత పాటుపడిన పంతులుగారు ఇట్లనుట నాకు నేటికిని కష్టముగనే తోచును. పంతులుగారి పేరెంతటిదో, ఆనాటి సంఘమున ఒక దేవదాసి స్థానమెంతటిదో తలచి చూడుడు. అయినను ఆమె పీఠికలోనే బదులు చెప్పిరి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యనియు, పురుషులు వ్రాసిన శృంగారమును మెచ్చుకొనుటేల యనియు సూటిగా నడిగిరి. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథము అశ్లీలమని నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము 1947లో ఆ నిషేధమును ఎత్తివేయునప్పటికి ఆమెకు అరువదెనిమిదేండ్లు.

ఇక తిరువయ్యారు. స్వామి సమాధి పాడుపడియున్నదని విని, ఆమె తన నగలమ్మి యచట ఆలయము కట్టించిరి. 1925లో కుంభాభిషేకము జరిగెను. కాని యేటేట ఆరాధన జరుపు పురుషులు రెండు కక్షలుగా చీలియుండిరి. ప్రతిదానికిని తగవులాడు ఆ యుభయులకును ఒక్క విషయమున మాత్రము పొత్తు కుదిరెను: స్త్రీలు పాడరాదు. కట్టించినవారు కూడ పాడరాదట!

నాగరత్నమ్మగారు ఒప్పుకొనలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి, సమాధి వెనుకవైపున తమ యారాధనను తామే యారంభించిరి. మూడవ కక్షయని జనులు పేరు పెట్టిరి. ఏటేట పాడువారు పెరిగిరి. 1940 ప్రాంతమున కక్షలన్నియు నేకమగుసరికి స్త్రీలను వెలుపల నిలుపుట ఎవరి తరమును కాలేదు.

1952 మే 19వ తేదీన ఆమె కన్నుమూసిరి. ఆస్తినంతయు స్వామి సేవకే వ్రాసి యిచ్చుచు, విల్లులో ఒక నియమము చేర్చిరి: ఆ సన్నిధిలో పాడుటకును, పూజించుటకును స్త్రీలకు ఎట్టి యడ్డును ఉండరాదు.